మీ ఎల్‌ఎల్‌సీ ఇంకా బతికే ఉందా? ఒకసారి చూసుకోండి

అమెరికాలో ఎల్‌ఎల్‌సీ, అంటే యజమాని బాధ్యత పరిమితంగా ఉండే కంపెనీ, పెట్టి చిన్న వ్యాపారం నడుపుతున్న మనవాళ్లందరూ ఇది చదవాలి. పోయిన నెల మా లెక్కల ట్యూషన్ కేంద్రానికి బ్యాంకు అప్పు దాదాపు ఖాయమైంది. ఇక ఒక్క కాగితం చాలన్నారు, కంపెనీ నిబంధనల ప్రకారం కొనసాగుతోందని రాష్ట్రం ఇచ్చే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్. రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైటులో మా కంపెనీ పేరు కొట్టి చూస్తే, పేరు పక్కన 'రద్దయింది' అని ఉంది. తేదీ చూశాను. అప్పటికి పద్నాలుగు నెలలు. ఆ పద్నాలుగు నెలలూ నేను పాఠాలు చెప్పాను, ఇద్దరు టీచర్లకు జీతాలిచ్చాను, ఆదాయపు పన్ను ఒక్క డాలరు తేడా లేకుండా కట్టాను. చట్టం దృష్టిలో మాత్రం నాకు కంపెనీయే లేదు.

కారణం యాన్యువల్ రిపోర్ట్, అంటే కంపెనీ ఏటా రాష్ట్రానికి ఇవ్వాల్సిన వార్షిక నివేదిక. పేరు చూసి ఆదాయం, ఖర్చులు రాసే పెద్ద పత్రం అనుకుంటారు. కాదు. కంపెనీ చిరునామా ఇదే, యజమానులు వీరే, రిజిస్టర్డ్ ఏజెంట్ ఫలానా వారు అని ధ్రువీకరించి రుసుము కట్టడం, అంతే. పది నిమిషాల పని. దాన్ని నేను వరుసగా రెండేళ్లు చేయలేదు, ఎందుకంటే అలాంటిది ఒకటుందని నాకు తెలియదు. రిజిస్టర్డ్ ఏజెంటుగా ఒక స్నేహితురాలి పేరు, చిరునామా ఇచ్చాను. ఆమె ఇల్లు మారింది. రాష్ట్రం పంపిన ఉత్తరాలన్నీ ఆ పాత ఇంటికే వెళ్లాయి. రాష్ట్రం నుంచి, కోర్టు నుంచి వచ్చే కాగితాలు అందుకోవడానికే ఆ ఏజెంటు ఉండేది. ఎవరైనా మన మీద దావా వేసినా సమన్లు వెళ్లేది అక్కడికే. అది తలచుకుంటే ఇప్పటికీ గుండె జారిపోతుంది.

ఇక్కడ నేను తప్పుపట్టేది ముందు మనల్నే. కొత్తగా వ్యాపారం మొదలుపెట్టేవారికి మనవాళ్లు ఎంతో ఉత్సాహంగా సలహాలిస్తారు. "ఎల్‌ఎల్‌సీ పెట్టు, ఒక్క రోజు పని" అంటారు. ఆ ఒక్క రోజు తర్వాత ఏటేటా ఏమి చేయాలో ఒక్కరూ చెప్పరు. అడిగితే "సీపీఏ చూసుకుంటారు" అంటారు, అంటే మన పన్ను లెక్కలు చూసే అకౌంటెంట్. చూసుకోరు. మీరు ప్రత్యేకంగా అప్పగిస్తే తప్ప సీపీఏ పని పన్నుల వరకే. ఐఆర్‌ఎస్‌కు (కేంద్ర పన్నుల శాఖకు) పన్ను పత్రాలు వెళ్లినంత మాత్రాన, రాష్ట్రంలో కంపెనీల నమోదు చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయానికి ఏమీ వెళ్లినట్టు కాదు. అక్కడ మీ కంపెనీ ఉనికిని నిలబెట్టే పని మీది.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించే సలహా "డెలావేర్‌లో పెట్టు" అన్నది. ఇంటి దగ్గర వ్యాపారం చేసుకునే మనిషికి డెలావేర్ దేనికి? పెట్టుబడిదారుల దగ్గర డబ్బు సేకరించే పెద్ద సంస్థలకు దాని ప్రయోజనాలు దానికి ఉండవచ్చు. న్యూజెర్సీలో ఉంటూ అక్కడే వ్యాపారం చేసేవారు డెలావేర్ ఎల్‌ఎల్‌సీ పెట్టారనుకోండి. డెలావేర్‌కు ఏటా జూన్ 1లోగా 300 డాలర్లు కట్టాలి. తప్పితే 200 డాలర్ల జరిమానా, నెలకు ఒకటిన్నర శాతం వడ్డీ. అంతటితో న్యూజెర్సీ వదలదు. బయటి కంపెనీగా అక్కడ మళ్లీ నమోదు చేసుకోవాలి, దానికి 125 డాలర్లు. ఆపైన ఏటా 75 డాలర్లతో వార్షిక నివేదిక. రెండు చోట్లా రిజిస్టర్డ్ ఏజెంట్లు. ఒక చిన్న వ్యాపారానికి రెండు రాష్ట్రాల గడువులు, రెండు రాష్ట్రాల రుసుములు నెత్తికెత్తడం సలహా ఎలా అవుతుంది?

పైగా ఏ రెండు రాష్ట్రాల పద్ధతీ ఒకలా ఉండదు, అందువల్ల పక్క రాష్ట్రంలోని బావమరిది అనుభవం మీకు పనికిరాదు. ఒహాయోలో ఎల్‌ఎల్‌సీకి వార్షిక నివేదికే లేదు. మసాచుసెట్స్‌లో దాని రుసుము 500 డాలర్లు. కాలిఫోర్నియాలో ఒక్క డాలరు ఆదాయం రాకపోయినా ఏటా 800 డాలర్లు ఫ్రాంచైజ్ ట్యాక్స్ బోర్డుకు, అంటే రాష్ట్ర పన్నుల కార్యాలయానికి, కట్టాలి. అది కట్టి ఊరుకుంటే సరిపోదు, రెండేళ్లకోసారి ఇంకో కార్యాలయానికి, అంటే సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కు, 20 డాలర్లతో వివరాల పత్రం ఇవ్వాలి. ఈ 20 డాలర్ల పత్రం మరిచిపోతే జరిమానా 250. టెక్సస్‌లో చిన్న వ్యాపారాలు చాలావరకు ఫ్రాంచైజ్ ట్యాక్స్, అంటే రాష్ట్రం వేసే వ్యాపార పన్ను, కట్టనక్కర్లేదు. పన్ను లేదు కాబట్టి పత్రం కూడా లేదనుకుంటారు. కానీ మే 15లోగా యజమానుల వివరాల నివేదిక ఇవ్వాల్సిందే.

ప్రభుత్వాలను కూడా వదలను. ఫ్లోరిడాలో ఎల్‌ఎల్‌సీ నివేదిక రుసుము 138 డాలర్ల 75 సెంట్లు. మే 1 దాటితే ఆలస్య రుసుము 400. అంటే అసలుకు దాదాపు మూడింతలు. ఒక్క రోజు ఆలస్యమైనా అదే, నాలుగు నెలలైనా అదే. పన్ను ఎగ్గొట్టిన వారికి వేసినట్టు చిరునామా ధ్రువీకరించని వారికి వేయడం ఏమి న్యాయం? కంపెనీని రద్దు చేసే ముందు యజమాని ఫోనుకు ఒక సందేశం పంపడం ఏ రాష్ట్రానికైనా భారమా? దంతవైద్యుడి దగ్గర అపాయింట్‌మెంటుకు మూడు సందేశాలు వస్తాయి.

ప్రభుత్వం ఉత్తరం అందకపోయినా, ప్రభుత్వం పేరుతో భయపెట్టే ప్రైవేటు ఉత్తరాలు మాత్రం తప్పకుండా అందుతాయి. ముద్ర, గడువు తేదీ, రసీదు నంబరు, అన్నీ అచ్చం అసలువాటిలాగే ఉంటాయి. చిన్న అక్షరాల్లో 'ఇది ప్రభుత్వ సంస్థ కాదు' అని ఉంటుంది. ఇరవై డాలర్ల పనికి రెండు వందలు అడుగుతారు. డబ్బు పంపే ముందు రాష్ట్ర వెబ్‌సైటులో సరిచూసుకోండి. 2024లో బీఓఐ నివేదిక, అంటే కంపెనీ అసలు యజమానులెవరో కేంద్ర ప్రభుత్వానికి తెలిపే పత్రం, దాని గురించి మన వాట్సాప్ గ్రూపులన్నీ హోరెత్తాయి. చివరికి 2025 మార్చిలో అమెరికాలో ఏర్పాటైన కంపెనీలకు దాన్నుంచి మినహాయింపు ఇచ్చారు. ఆ హడావిడిలో ఒక్కరైనా రాష్ట్ర నివేదిక మాట ఎత్తి ఉంటే నా కంపెనీ రద్దయ్యేది కాదు.

పాత నివేదికలు, జరిమానాలు, పునరుద్ధరణ రుసుము అన్నీ కట్టి కంపెనీని తిరిగి నిలబెట్టాను. అదృష్టవశాత్తు ఈలోగా మా పేరును ఇంకెవరూ తీసుకోలేదు. అప్పు మాత్రం వెనక్కిపోయింది, మళ్లీ మొదటినుంచి దరఖాస్తు చేయాలి. ఇప్పుడు రిజిస్టర్డ్ ఏజెంటును నేనే, పగలంతా ఉండేది కేంద్రంలోనే కాబట్టి.

ఇది రాసే ముందు పరిచయస్తుల కంపెనీలు ఐదింటిని వెతికాను. చాలా రాష్ట్రాల వెబ్‌సైట్లలో ఎవరి కంపెనీ వివరాలైనా ఉచితంగా చూడవచ్చు. రెండింటి పక్కన గడువు దాటినట్టు ఉంది. ఇద్దరికీ ఫోను చేశాను. ఒకరు వెంటనే కట్టేశారు. రెండో ఆయన, "మా సీపీఏ చూసుకుంటారమ్మా" అన్నారు. ఫోను పెట్టనివ్వకుండా ఆయన చేతే వెబ్‌సైటు తెరిపించాను. రద్దు గడువుకు ఇంకా పదకొండు రోజులుంది.