ఆర్గ్స్, అప్‌వార్ గురించి కూడా చెప్పాల్సింది

టీసీఎల్ (Tcl) అనే స్క్రిప్టింగ్ భాషలో ప్రాక్ (proc, అంటే ఫంక్షన్) రాయడం, దాని పారామీటర్లకు డీఫాల్ట్ విలువలు ఇవ్వడం వరకు మీ వ్యాసంలో బాగా చెప్పారు అన్నా, కానీ ఆర్గ్స్ (args) అనే పేరు చివరి పారామీటర్‌కు పెడితేనే మిగిలిన విలువలన్నీ ఒక లిస్టుగా అందులోకి వస్తాయని, మధ్యలో పెడితే అది మామూలు పారామీటరేనని ఎక్కడా రాయలేదు. హనుమకొండలో చిప్ డిజైన్ నేర్చుకునే పిల్లలకు ఆ పనికి వాడే టూల్స్ చాలావరకు టీసీఎల్ స్క్రిప్టులతోనే నడుస్తాయి కాబట్టి ఇది కావాలి. ఇంకోటి, బయట సెట్ చేసిన వేరియబుల్ ప్రాక్ లోపల కనిపించదు. గ్లోబల్ అని రాస్తే కనిపిస్తుంది గానీ ప్రతిదానికీ గ్లోబల్ వాడిన స్క్రిప్టు చూస్తే నాకైతే చిరాకు. పిలిచినచోటి వేరియబుల్‌నే మార్చాలంటే డాలర్ గుర్తు లేకుండా దాని పేరు పంపి, లోపల అప్‌వార్ (upvar, ఆ బయటి వేరియబుల్‌ను లోపలి ఒక పేరుకు ముడిపెట్టే కమాండ్) వాడాలి. రెండో భాగంలో దీని మీద ఉదాహరణలు పెట్టండి. ప్రాక్ నుంచి విలువ తిప్పి పంపే రిటర్న్‌కు రెండు లైన్లు చాలు, అది రాయకపోయినా చివరి కమాండ్ ఫలితమే తిరిగొస్తుంది కదా.