వసూలుకు ఇద్దరు, పంపకానికి ముగ్గురు

కోల్‌కతాలో మూడు యూదు ప్రార్థనాలయాలు నిలిచి ఉన్నాయి. సామూహిక ప్రార్థన జరగాలంటే సంప్రదాయం ప్రకారం కావలసిన 10 మంది వయోజన పురుషులు మాత్రం ఆ ఊళ్లో దొరకడం లేదు. 1798లో సిరియాలోని అలెప్పో నుంచి వచ్చిన షాలోం కోహెన్‌తో మొదలైన ఆ బాగ్దాదీ (ఇరాక్, సిరియా ప్రాంతాల నుంచి వచ్చిన) యూదు సమాజం రెండో ప్రపంచ యుద్ధం నాటికి నాలుగైదు వేలకు పెరిగింది. 1942లో జపాన్ సేనలు బర్మాలో అడుగుపెట్టాక రంగూన్ యూదులు కూడా ఇక్కడికే పరుగెత్తుకొచ్చారు. మన ఉత్తరాంధ్ర నుంచి బర్మా వెళ్లిన కూలీలు తిరుగుముఖం పట్టింది కూడా అప్పుడే. 1947 తర్వాత యూదులు ఇజ్రాయెల్‌కు, బ్రిటన్‌కు, ఆస్ట్రేలియాకు వెళ్లిపోగా ఇప్పుడు మిగిలింది కొద్దిమందే. అయినా 1881లో వాళ్లు పెట్టిన జ్యూయిష్ గర్ల్స్ స్కూల్ పార్క్ స్ట్రీట్‌లో నడుస్తూనే ఉంది. అక్కడ చదివే ఆడపిల్లల్లో ఎక్కువమంది ముస్లింలు. మేఘెన్ డేవిడ్, బెత్ ఎల్ ప్రార్థనాలయాలను కనిపెట్టుకుని ఉండేది ఒడిశా నుంచి వచ్చిన ముస్లిం కుటుంబాలవాళ్లు.

దీన్ని మతసామరస్యానికి నిదర్శనంగా చెప్పి వదిలేయడం పరిపాటి. సామరస్యం నిజమే. కానీ ఇచ్చేవాళ్లు కనుమరుగైనా ఇచ్చింది ఎలా మిగిలిందో తెలియాలంటే లెక్కల పుస్తకాలూ ట్రస్టు దస్తావేజులూ చూడాలి. దానం నిలవడానికి దాత మంచి మనసు ఒక్కటే సరిపోదని యూదు సమాజం వెయ్యేళ్ల కిందటే గ్రహించింది.

యూదులు ఉన్న ప్రతి ఊళ్లోనూ ‘కుప్పా’ అనే నిధి ఉండాలని 12వ శతాబ్దపు ధర్మశాస్త్రవేత్త మైమోనిడీస్ రాశాడు. అది లేని యూదు సమాజాన్ని తాము చూడలేదు, వినలేదు అని కూడా అన్నాడు. శుక్రవారం నుంచి శుక్రవారం వరకు పేదవాడి వారం ఖర్చు కుప్పా నుంచి వెళ్తుంది. ఏ పూటకాపూట వండిన ఆహారం పంచేది ‘తంహుయి’. రెండు పూటల తిండి ఉన్నవాడు తంహుయి దగ్గరికి రాకూడదు, 14 పూటల తిండి ఉన్నవాడు కుప్పాలో చెయ్యి పెట్టకూడదు. ఊళ్లో ఎన్నాళ్లుగా ఉంటే ఏ నిధికి చందా ఇవ్వాలో కూడా యూదుల ప్రాచీన ధర్మగ్రంథం తాల్ముద్ చెబుతుంది: 30 రోజులకు తంహుయి, 3 నెలలకు కుప్పా, 6 నెలలకు బట్టల నిధి, 9 నెలలకు ఖనన నిధి. ఆదాయంలో పదో వంతు మామూలు కొలత. ఎంత ఉదారుడైనా ఐదో వంతు దాటకూడదు, ఇచ్చి ఇచ్చి రేపు తానే కుప్పా ముందు నిలబడకూడదని. దానం తీసుకునే పేదవాడు కూడా అందులోంచి కొంత ఇవ్వాలి. ఈ చివరి నియమం నాకు చాలా గొప్పగా తోస్తుంది, ఎందుకంటే అది ఎవర్నీ పుచ్చుకునేవాడిగానే మిగిలిపోనివ్వదు.

ఇక డబ్బు ముట్టుకునేవాళ్ల సంగతి. వసూలుకు కనీసం ఇద్దరు వెళ్లాలి. పంచేటప్పుడు ముగ్గురు ఉండాలి, ఎవరికెంత అని తేల్చడం తీర్పు చెప్పడంతో సమానం కాబట్టి. వసూలుకు వెళ్లినవాళ్లు దారిలో ఒకర్నొకరు విడిచి వెళ్లకూడదు. దారిలో తన సొంత బాకీ ఎవరైనా చేతిలో పెట్టినా, నాణెం దొరికినా, దాన్ని జేబులో కాదు, దానపు సంచిలోనే వేసి ఇంటికెళ్లాక తీసుకోవాలి. చూసేవాడికి అనుమానం రాకూడదు కదా. పంచడానికి పేదలెవరూ లేక నిధిలోని చిల్లర మార్చాల్సి వస్తే ఇతరుల డబ్బుతోనే మార్చాలి, తన డబ్బుతో కాదు. మిగిలిన ఆహారం అమ్మినా ఇతరులకే అమ్మాలి. ఆకలి అన్నవాడికి విచారణ లేకుండా పెట్టాలి, బట్టలు అడిగిన కొత్తవాడి సంగతి మాత్రం ముందు విచారించాలి. పూట తప్పితే కలిగే హాని ఎంత, ఆగగలిగే అవసరం ఏది అన్నదే ఇక్కడి లెక్క.

ఇవి పుస్తకాల్లోనే ఉండిపోయిన నియమాలు కావు. పాత కైరోలోని బెన్ ఎజ్రా ప్రార్థనాలయపు గదిలో బయటపడిన మధ్యయుగపు కాగితాల్లో ఎవరికెన్ని రొట్టెలిచ్చారో రాసిన జాబితాలున్నాయి. రొట్టెలు వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో పంచేవారు. సూత్రాన్ని ఆ ఊరి అవసరానికి తగ్గట్టు సర్దుకున్నారన్నమాట.

దానానికి మైమోనిడీస్ చెప్పిన ఎనిమిది మెట్లలో పైమెట్టు అడిగినవాడికి ఇచ్చి ఊరుకోవడం కాదు. కానుకో, అప్పో, పనో, వ్యాపారంలో వాటానో ఇచ్చి, మనిషి చెయ్యి చాపే అవసరమే లేకుండా చేయడం. అందుకే నేటికీ చాలాచోట్ల ‘గెమాఖ్’ అనే వడ్డీలేని అప్పుల నిధులున్నాయి. సాధారణంగా ఇద్దరు జామీనుదారులు, నెలవారీ వాయిదాలు, ముందు తేదీలు వేసిన చెక్కులు. ఒకరు కట్టిన వాయిదా ఇంకొకరి అప్పవుతుంది. ఇది దెబ్బతినేది ఎక్కువగా ఒకే కారణంతో: తీర్చలేడని తెలిసిన మనిషికి కూడా మొహమాటానికి అప్పు పేరుతో ఇవ్వడం. అలాంటి మనిషికి దానం ఖాతా నుంచే ఇవ్వాలి. రెండు ఖాతాలు కలిస్తే అప్పుల మూలధనం చప్పుడు లేకుండా కరిగిపోతుంది.

భారతదేశంలో బాగ్దాదీ సంపన్నులు ఈ పద్ధతులకు ట్రస్టు దస్తావేజును జోడించారు. 1832లో బొంబాయి చేరిన డేవిడ్ ససూన్ కుటుంబపు సంపదలో నల్లమందు వ్యాపారానిది పెద్ద వాటా. చైనాలో అది చేసిన చేటును ఏ ఆసుపత్రీ చెరిపేయదు, ఆ మాట చెప్పకుండా వాళ్ల దాతృత్వాన్ని పొగడడం అన్యాయం. అదే సమయంలో 1867లో పుణెలో తెరుచుకున్న ససూన్ ఆసుపత్రి ఈనాటికీ పేదలకు వైద్యం చేస్తోందంటే, అది ఒక్క మతంవాళ్లకోసం కట్టింది కాకపోవడమే కారణం. తర్వాత ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధంగా మారడానికి కూడా అడ్డులేకపోయింది. బొంబాయి బైకుల్లాలోని సర్ జేకబ్ ససూన్ పాఠశాల మొదట యూదు పిల్లలకోసం పెట్టింది. ఇప్పుడు అక్కడా ముస్లిం పిల్లలే ఎక్కువ.

చిక్కంతా లబ్ధిదారులను ‘మా సమాజంలోని పేదలు’ అని బిగించి రాసుకున్న ట్రస్టులతోనే. ఆ సమాజం ఊరు ఖాళీ చేస్తే నిధి ఉంటుంది, ఖర్చుపెట్టే దారి ఉండదు. ఆదాయం కూడా ఎండిపోతుంది. బొంబాయిలో 1947 నాటి అద్దె చట్టం చాలా ఇళ్ల అద్దెలను 1940 సెప్టెంబరు 1 నాటి స్థాయిలో కట్టేసింది, 1999 చట్టం ఏటా 4 శాతం పెంపుకు వీలిచ్చేసరికి అర శతాబ్దం దాటింది. అద్దెల మీద బతికే ధర్మనిధికి అది గొంతు నొక్కడమే. ట్రస్టీలు విదేశాలకు వెళ్లిపోతే సంతకాలకు మనిషి ఉండడు. ఆస్తి అమ్మాలంటే మహారాష్ట్రలో పబ్లిక్ ట్రస్టుల చట్టంలోని 36వ సెక్షన్ కింద చారిటీ కమిషనర్ అనుమతి తప్పనిసరి. కోల్‌కతా వంటి చోట్ల సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ ప్రకారం, దాత ఉద్దేశానికి దగ్గరగా ఉన్న మరో పనికి నిధిని మళ్లించమని కోర్టును అడగవచ్చు. అయితే అందుకు అడ్వకేట్ జనరల్ గానీ, ట్రస్టుతో సంబంధమున్న కనీసం ఇద్దరు కోర్టు అనుమతితో గానీ దావా వేయాలి. మిగిలిన కొద్దిమందీ ట్రస్టీలే అయిన ఊళ్లో ఆ ఇద్దరు ఎక్కడి నుంచి వస్తారు?

1961 ఆదాయపు పన్ను చట్టం ఇంకో గీత గీసింది. ఆ చట్టం అమల్లోకి వచ్చాక ఒక మతానికో కులానికో (ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన వర్గాలు తప్ప) మేలు చేయడానికి పెట్టిన దాతృత్వ ట్రస్టుకు పన్ను మినహాయింపు లేదంది. ఇది యూదులకంటే మనకే ఎక్కువ వర్తించే మాట. తెలుగునాట కులాల పేరుతో సత్రాలు, వసతిగృహాలు ఎన్ని లేవు! హైదరాబాదులో 1918లో మొదలైన రెడ్డి హాస్టల్ వంటివి ఎందరినో చదివించాయి. ఆ మేలును తక్కువ చేయలేం. కానీ వలసలు పెరిగిన ఊళ్లలో అలాంటి సత్రాలకు కోల్‌కతాకు వచ్చిన చిక్కే రాబోతోంది.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో తమను ఎఫ్రాయిం గోత్రపు యూదులుగా చెప్పుకునే బెనె ఎఫ్రాయిం కుటుంబాలున్నాయి. చాలామంది వ్యవసాయ కూలీలు. ఇంత చిన్న సమాజాలు విదేశీ దాతలవైపు చూడడం సహజం. కానీ నమోదైన సంస్థ విదేశీ విరాళం తీసుకోవాలంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ కావాలి, డబ్బు ముందుగా న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి, పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు, 2020 సవరణ తర్వాత ఆ డబ్బును మరో సంస్థకు బదలాయించడానికీ వీల్లేదు. దాత ఆసక్తి తగ్గినా, రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఆగినా ఆసరా తెగుతుంది. వారానికి పది రూపాయలైనా సరే, ఇంటింటి నుంచి ఇద్దరు కలిసి వసూలు చేసే పెట్టెకు ఆ ప్రమాదం లేదు.

కొత్తగా దస్తావేజు రాయించేవాళ్లు లబ్ధిదారుల వాక్యాన్ని రెండు భాగాలుగా రాయించడం మేలు. తమ సమాజపు పేదలకు మొదటి అవకాశం, ఫలానా వ్యవధిలో అర్హులు రాకపోతే ఆ ఊరి పేదలందరికీ అని. కనీసం ఒక ట్రస్టీ ఆ సమాజానికి బయటివాడై, ఆ ఊళ్లోనే కాపురముండేవాడై ఉండాలి. ట్రస్టీ వరుసగా ఏడాదిపాటు దేశంలో లేకపోతే పదవి ఖాళీ అయినట్టేనని, ఖాళీని ఎవరు, ఎన్ని రోజుల్లో నింపాలో అందులోనే రాయాలి. చెక్కు మీద రెండు సంతకాలు, ఎవరికెంతో తేల్చడానికి ముగ్గురు ఉండాలన్నది ఎలాగూ పాత నియమమే.