చైర్మన్ గారి ఫోన్లో బాగానే ఉంది

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఏ కాలేజీ ఈమెయిల్ న్యూస్‌లెటర్ పంపినా, ఏ విత్తనాల కంపెనీ పంపినా, అసలు పాఠకులు ఒక్కరే. వారు చైర్మన్ గారు. ఆయన ఐఫోన్లో బాగుంటే అంతా బాగున్నట్టే. మిగతా వేల మందికి చెదిరిపోయి కనిపిస్తే తప్పు వాళ్ల కంప్యూటర్లది. ఈమధ్య కొందరు కుర్ర డిజైనర్లు, ఆఫీసుల్లో మెయిల్ చూసే ఔట్‌లుక్ ప్రోగ్రామ్‌ను చూపించి, దీన్నీ ప్రశ్నిస్తున్నారు.

"సార్, ఔట్‌లుక్‌లో గడులన్నీ పక్కకు జరిగిపోతాండాయి."

"నా ఫోన్లో బాగానే ఉండాది గదప్పా!"

వాదన ఇక్కడితో ముగియాలి. ముగియదు. విండోస్ ఔట్‌లుక్ 2007 నుంచి మెయిల్‌ను వర్డ్ ఇంజన్‌తో చూపిస్తుందట, అందుకే వెబ్ పేజీలు పేర్చే ఫ్లెక్స్, గ్రిడ్ పద్ధతులు, గుండ్రటి మూలలు అక్కడ చెల్లవట. కర్నూలుకు రాజధాని 1953లో వచ్చి 1956లో వెళ్లిపోయింది, ఈ వర్డ్ ఇంజన్ మాత్రం వచ్చిన చోటే పాతుకుపోయింది. కొత్త ఔట్‌లుక్ మారింది కదా అంటే, అకౌంట్స్ సెక్షన్ ఇంకా పాతదే వాడుతోందంటారు. కాబట్టి 600 పిక్సెళ్ల వెడల్పున టేబుల్ వేసి, అందులో ఇంకో టేబుల్ పెట్టి, కడప బండలు పరిచినట్టు గడి పక్కన గడి పేర్చాలట. సెల్‌ప్యాడింగ్, సెల్‌స్పేసింగ్, బార్డర్ మూడూ సున్నా. ఖాళీ కావాలంటే మార్జిన్‌ను నమ్ముకోకుండా గడికి, అంటే టీడీ అనే కోడ్ ట్యాగుకు, లోపలి ఖాళీ ఇచ్చే ప్యాడింగ్ ఇవ్వాలి. స్టైల్ ఏ ట్యాగుకు ఆ ట్యాగులోనే రాయాలి. పెద్ద ఫొటోకు గరిష్ఠ వెడల్పు చెప్పే మ్యాక్స్-విడ్త్ ఒక్కటే పెట్టి ఊరుకుంటే ఔట్‌లుక్ ఖాతరు చేయదు, ట్యాగులోనే విడ్త్ 600 అని అంకె వేయాలి.

ఫొటో కింద సన్నటి తెల్ల గీత వచ్చింది. చైర్మన్ గారు దాన్ని మెచ్చుకున్నారు. బొమ్మ కూడా అక్షరాల వరసలోనే కూర్చుంటుందనీ, అక్షరాల తోకలకు వదిలిన చోటే ఆ గీత అనీ, బొమ్మ స్టైల్‌లో డిస్‌ప్లే బ్లాక్ అని పెడితే పోతుందనీ కుర్రాళ్లు అంటారు. పెద్దలు మెచ్చిన గీతను చెరిపేస్తారా ఎవరైనా?

ఇక జీమెయిల్. మెయిల్ కోడ్ 102 కేబీ దాటితే మిగతాది కత్తిరించి, చూడాలంటే లింకు నొక్కమంటుంది. బొమ్మల బరువు ఇందులోకి రాదు. కానీ మన తెలుగు బరువైన భాష. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికి ఆరు కోడ్లు, అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. ఏదో పాత ఎడిటర్ దాన్ని స లాంటి అంకెల ఎంటిటీలుగా మార్చిందంటే 42 బైట్లు. పైగా చైర్మన్ గారి సందేశాన్ని వర్డ్ నుంచి తెచ్చి అలాగే అతికిస్తే ప్రతి పేరాకూ వర్డ్ సొంత కోడైన ఎంఎస్ఓ చెత్త అంటుకుని వస్తుంది. కంట్రోల్ షిఫ్ట్ వీ నొక్కి ఉత్త అక్షరాలే అతికించవచ్చు గానీ, సందేశాన్ని ఉత్తది చేసే ధైర్యం ఎవరికుంది? కత్తిరించిన భాగంలోనే అన్‌సబ్‌స్క్రైబ్ లింకు ఉంటుంది. అది దొరకనివాళ్లు స్పామ్ నొక్కుతారు. ఎందరు తెరిచారో లెక్కపెట్టే చుక్క బొమ్మ కూడా అక్కడే ఉంటుంది కాబట్టి చదివినవాళ్లు కూడా చదవనట్టే రిపోర్టుకెక్కుతారు.

ఉగాది సంచిక సంగతి వేరు. డీటీపీ సెంటర్లో అను ఫాంట్‌తో కొట్టించిన మ్యాటర్ మెయిల్లో అతికిస్తే, ఆ ఫాంట్ లేనివాళ్లకు ఇంగ్లిష్ అక్షరాల కిచిడీ కనిపిస్తుంది, ఎందుకంటే అది ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్ కాదు. కన్వర్టర్‌తో మార్చి వత్తులు సరిచూస్తే సరిపోయేది. సరిచూసే ఓపిక లేక మొత్తం పేజీని ఒకే జేపెగ్ చేసి పంపారు. బయటి బొమ్మలను ముందే ఆపేసే ఔట్‌లుక్‌లో ఉగాది శుభాకాంక్షలు ఖాళీ డబ్బాగా చేరాయి. బొమ్మ రాకపోతే దాని చోట కనిపించే ఆల్ట్ టెక్స్ట్ రాసి ఉంటే కనీసం ఆ రెండు మాటలైనా కనిపించేవి.

తర్వాతి సంచికలో యూనికోడే వాడారు, వత్తులు తెగాయి. 16 పిక్సెళ్ల అక్షరానికి 18 పిక్సెళ్ల లైన్-హైట్ (వరస ఎత్తు) ఇచ్చి, ఔట్‌లుక్ కోసం రాసే ఎంఎస్ఓ రూల్‌లో 'ఎగ్జాక్ట్‌లీ', అంటే కచ్చితంగా అంతే అన్నారు. ఇంగ్లిష్‌కు అది చాలు. తెలుగుకు 26 అయినా ఉండాలి.

డార్క్ మోడ్‌లో మాయమైన నల్ల లోగో గురించి ఫిర్యాదు రాలేదు. చైర్మన్ గారు డార్క్ మోడ్ వాడరు.

మిగిలింది ఒక్కటే. చైర్మన్ గారు తన ఆఫీసు ఔట్‌లుక్ నుంచి న్యూస్‌లెటర్‌ను కలెక్టర్ గారికి ఫార్వర్డ్ చేస్తున్నారు. ఫార్వర్డ్ చేసేటప్పుడు ఔట్‌లుక్ కోడ్‌ను తన పద్ధతిలో తిరగరాస్తుంది, గడులు విడిపోతాయి. పైన ఉన్న 'బ్రౌజర్‌లో చూడండి' లింకు పంపితే చాలు. ఆ మాట ఆయనకు ఎవరు చెప్పాలో తేల్చడానికి కమిటీ వేశారు. దానికి అధ్యక్షుడు చైర్మన్ గారే.