పోకర్‌లో దూకుడు ఆటగాడికి ‘కాచుకుని కూర్చోవడం’ జవాబు కాదు

దాదాపు ప్రతి పంపకంలోనూ రెయిజ్ చేసి (పందెం పెంచి), ప్రతి ఫ్లాప్ (అందరికీ ఉమ్మడిగా బల్ల మీద తెరిచే మొదటి మూడు ముక్కలు) మీదా పందెం కాసే ఆటగాడు ఎదురైతే ఏం చేయాలన్న ప్రశ్నకు నో లిమిట్ హోల్డెమ్ (ఒక్కొక్కరికి రెండు ముక్కలు పంచి, పందేనికి పరిమితి లేకుండా ఆడే పోకర్) ఆడేవారిలో విస్తృతంగా చలామణీ అయ్యే సలహా ఒకటుంది: ‘పెద్ద ముక్కలు పడేదాకా ఫోల్డ్ చేస్తూ పో, పడ్డాక చప్పుడు చేయకుండా చెక్ చేస్తూ డబ్బంతా అతని చేతే పెట్టించు, అంత ఓపిక లేకపోతే అతన్ని మించి బ్లఫ్ చేసి బెదరగొట్టు, ఎలాగూ అతని దగ్గర ఏమీ ఉండదు.’ (ఫోల్డ్ అంటే ముక్కలు పారేసి తప్పుకోవడం, చెక్ అంటే పందెం కాయకుండా ఊరుకోవడం, బ్లఫ్ అంటే బలం లేకున్నా ఉన్నట్టు పందెం కాయడం.) ఈ నాలుగు మాటల్లోనూ ఎంతో కొంత నిజం ఉంది కాబట్టే ఇది ఇంతగా నమ్మకం సంపాదించుకుంది. ఆ నిజం ఎంతవరకో లెక్క వేసి చూస్తే మాత్రం సలహా నిలబడదు. (ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి పోకర్ ఆడటాన్ని తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ నిషేధించాయి, 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. ఇక్కడి చర్చ ఆట లెక్క గురించి మాత్రమే.)

మొదటి మాట, కాచుకోవడం. చేతికి రాగల రెండు ముక్కల జతలు మొత్తం 1,326. వాటిలో ఆసుల జత, రాజుల జత, రాణుల జత, ఆసు-రాజు అన్నీ కలిపితే 34, అంటే సగటున 39 పంపకాలకు ఒకసారి. తొమ్మిది మంది కూర్చున్న బల్ల దగ్గర 39 పంపకాలు ఊరుకుంటే రెండు బ్లైండ్‌లకూ (ముక్కలు చూడకముందే ఇద్దరు వంతులవారీగా తప్పనిసరిగా పెట్టే చిన్న, పెద్ద పందేలకు) కలిపి పోయేది ఆరున్నర పెద్ద బ్లైండ్‌లు; అది భరించవచ్చు. ఇద్దరే ఆడుతున్నప్పుడు అదే నిరీక్షణకు 29 పెద్ద బ్లైండ్‌లు ఖర్చవుతాయి. ఇంతా కాచుకున్నాక వచ్చింది ఆసు-రాజు అయితే, మూడింట రెండుసార్లు ఫ్లాప్‌లో దానికి జత కూడా కుదరదు. ఆసుల జతే వచ్చినా, ఏవో రెండు ముక్కలతో నిలబడ్డ ప్రత్యర్థి నూటికి పదిహేనుసార్లు దాన్ని ఓడిస్తాడు.

అయితే అసలు నష్టం బ్లైండ్‌లలో లేదు. పాట్‌లో (అందరి పందేలూ చేరిన మొత్తంలో) 100 ఉండగా అతను 50 పందెం కాశాడనుకుందాం. ఆ బ్లఫ్ మూడింట ఒకసారి ఫలిస్తే చాలు, అతనికి నష్టం ఉండదు. మనం అంతకన్నా ఎక్కువగా ఫోల్డ్ చేస్తుంటే, ముక్కలు చూసుకోకుండా కాసినా అతనికి లాభమే. పెద్ద ముక్కల కోసం కాచుకునేవాడు మూడింట ఒక వంతు కాదు, చాలావరకు ఫోల్డ్ చేస్తాడు. అంటే దూకుడును శిక్షించాలని మొదలుపెట్టిన పద్ధతి ఆ దూకుడుకే కూలి ఇస్తోంది. అదే పందేన్ని మన వైపు నుంచి చూస్తే, 150 గెలవడానికి 50 పెడుతున్నాం, కాబట్టి నాలుగింట ఒకసారి గెలిస్తే ఖర్చు తిరిగి వస్తుంది. రకరకాల ముక్కలతో పందెం కాసేవాడి మీద బోర్డులోని (బల్ల మీద తెరిచిన ఉమ్మడి ముక్కల్లోని) రెండో పెద్ద ముక్కతో కుదిరిన జత గానీ, కొన్ని బోర్డుల మీద జత కుదరని ఒట్టి ఆసు గానీ ఆ పాటి గెలుపు ఇవ్వగలవు. ఏడుల జతను చూసి చాలామంది పెదవి విరుస్తారు. ఏవైనా రెండు ముక్కల మీద అది దాదాపు మూడింట రెండుసార్లు గెలుస్తుంది. కాబట్టి మార్చుకోవలసింది ఓపికను కాదు, ఏ ముక్కలతో కాల్ చేస్తామన్న (అతని పందేనికి సమానంగా పెట్టి నిలబడతామన్న) హద్దును: మామూలు ఆటగాడి ముందు పారేసే మధ్యరకం ముక్కలను ఇతని ముందు నిలుపుకోవాలి.

చెక్ చేస్తూ ఉచ్చు పన్నడం మూడు వీధులూ (ఫ్లాప్, ఆ తర్వాత తెరిచే నాలుగో ముక్క టర్న్, ఐదో ముక్క రివర్) ఆగకుండా కాసేవాడి మీద బాగానే పనిచేస్తుంది. కానీ దూకుడు పేరున్న ఆటగాళ్లలో చాలామంది ఫ్లాప్‌లో కాసి, ఒకసారి కాల్ ఎదురైతే టర్న్‌లో చల్లబడతారు. అక్కడ మనం కూడా చెక్ చేస్తే జరిగే నష్టం కనిపించేదానికంటే పెద్దది. పాట్‌లో 10 ఉండగా ఫ్లాప్, టర్న్, రివర్ మూడింటిలోనూ సగం పాట్ పందెం పడితే 5, 10, 20 చొప్పున అతని నుంచి 35 వస్తాయి. ఒక్క వీధి జారవిడిస్తే వచ్చేది 15 మాత్రమే. పైగా ఫ్లాప్‌లో ఒకే గుర్తువి రెండు ముక్కలు పడి, అతని చేతిలోనూ అదే గుర్తువి రెండు ఉంటే, రివర్ నాటికి సుమారు 35 శాతం సార్లు ఫ్లష్ (ఒకే గుర్తువి ఐదు ముక్కలు) పూర్తవుతుంది. అతను ఎక్కడ ఆగుతాడో తెలియకుండా ఉచ్చు పన్నడం జూదం మీద జూదం.

అతన్ని మించి బ్లఫ్ చేయమన్న మాటకు ఎక్కువ జవాబు అక్కర్లేదు. ఫోల్డ్ చేయనివాడి మీద బ్లఫ్‌కు ఫలితం లేదు. ఫ్లాప్‌కు ముందు విచ్చలవిడిగా రెయిజ్ చేసి, తిరిగి రెయిజ్ చేస్తే వదిలేసే రకం వేరే ఉంది. వాడి మీదే అది చెల్లుతుంది.

‘అతని దగ్గర ఏమీ ఉండదు’ అనేది అన్నిటికంటే ప్రమాదకరమైన మాట, ఎందుకంటే ఏ దశలో ఏమీ ఉండదో అది చెప్పదు. 2009లో ఇసిల్డర్1 పేరుతో ఆడిన స్వీడన్ కుర్రవాడు విక్టర్ బ్లోమ్ ఆన్‌లైన్‌లో అతి పెద్ద బల్లలను తన దూకుడుతో కుదిపేశాడు. ఆ డిసెంబర్ 8న అమెరికన్ ఆటగాడు బ్రయాన్ హేస్టింగ్స్ నాలుగు ముక్కల పాట్ లిమిట్ ఒమాహాలో అతని నుంచి సుమారు 42 లక్షల డాలర్లు గెలిచాడు. ఆ గెలుపు వెనక ఉన్నది నిరీక్షణ కాదు, బ్లోమ్ ఆడిన ఆటల రికార్డులను సహచరులతో కలిసి చేసిన విశ్లేషణ. ఇతరులు ఆడిన ఆటల రికార్డులను అలా వాడుకోవడం సైటు నిబంధనలకు విరుద్ధమన్న వివాదం రేగి, సహచరుల్లో ఒకడికి శిక్ష కూడా పడింది. ఆ పద్ధతిని నేను సమర్థించడం లేదు. కానీ దూకుడు ఆటగాడు ఎప్పుడు బలంగా ఉంటాడో, ఎప్పుడు ఖాళీగా ఉంటాడో చూసి తెలుసుకోవలసిందేనని ఆ ఉదంతం రుజువు చేస్తుంది. ఆ పని మన బల్ల దగ్గర షోడౌన్‌లో (చివర ముక్కలు చూపే దశలో) తిరగేసిన ముక్కలను గుర్తుపెట్టుకుంటూ నిబంధనలకు లోబడే చేయవచ్చు.

సలహాలో అసలు ప్రస్తావనే లేని విషయం కుర్చీ. అతనికి ఎడమ పక్కన కూర్చున్నవాడు చాలావరకు అతని చర్య చూశాకే తన నిర్ణయం తీసుకుంటాడు. పైన చెప్పిన కాల్‌లలో సగం ఆ చోటు దొరికితేనే తేలికవుతాయి.

కాచుకోవడం సరైన చోటు ఒకటి మాత్రం ఉంది. టోర్నమెంటులో ఇంకొకరిద్దరు ఔటైతే మిగిలినవారందరికీ బహుమతి దక్కే దశలో, పోగొట్టుకునే చిప్ విలువ గెలుచుకునే చిప్ విలువకంటే ఎక్కువ. కాబట్టి పాట్ లెక్క ప్రకారం లాభమైన కాల్‌ను కూడా అక్కడ వదిలేయవలసి వస్తుంది. ముఖ్యంగా మనకంటే తక్కువ చిప్స్ ఉన్నవారు బల్ల మీద ఇంకా మిగిలి ఉన్నప్పుడు.