గొలుసు తెంపితే మూడేళ్లా, పదేళ్లా?

తెల్లారి వాకిట్లో ముగ్గు వేస్తున్న మహిళ మెడలోంచి పుస్తెలతాడు తెంపుకుని ఇద్దరు బైక్ మీద ఉడాయించారు. మర్నాడు పేపర్లో అది చైన్ స్నాచింగ్. స్టేషన్‌లో మాత్రం స్నాచింగ్ కింద రాయొచ్చు, దోపిడీ కిందా రాయొచ్చు. మొదటిదైతే గరిష్ఠ శిక్ష మూడేళ్లు, రెండోదైతే పదేళ్లు.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దోపిడీ 309వ సెక్షన్. దీనికి ముందున్న శిక్షాస్మృతి ఐపీసీలోని పాత నిర్వచనాన్నే దాదాపుగా ఎత్తి ఇందులో పెట్టారు. దొంగతనం చేయడానికో, సొమ్ముతో తప్పించుకోవడానికో మనిషిని గాయపరిచినా, కదలనీయకుండా పట్టుకున్నా, అప్పటికప్పుడే ఏదైనా చేస్తారన్న భయం పుట్టించినా ఆ దొంగతనం దోపిడీ అవుతుంది. ‘అప్పటికప్పుడే’ అన్నది ఇక్కడ ముఖ్యం. నీ బిడ్డ మా దగ్గరున్నాడు, డబ్బు పంపకపోతే చంపేస్తాం అని బెదిరిస్తే అది బలవంతపు వసూలే. బిడ్డ ప్రాణం ఆ క్షణంలోనే పోతుందన్న భయం కలిగించినప్పుడే దోపిడీ. ఈ ఉదాహరణ చట్టంలోనే ఉంది.

దోపిడీ చేస్తూ కావాలని గాయపరిస్తే యావజ్జీవం దాకా వేయొచ్చు. మారణాయుధం వాడితే ఏడేళ్లకు తగ్గడానికి వీల్లేదు. కత్తితో పొడవక్కర్లేదు, చూపించి బెదిరించినా వాడినట్టేనని సుప్రీంకోర్టు 1975లోనే చెప్పింది. దోచుకున్నవాళ్లు ఐదుగురో, అంతకు మించో ఉంటే అది బందిపోటు నేరం. ఇక హైవే మీద సూర్యాస్తమయానికీ సూర్యోదయానికీ మధ్య దోచుకుంటే 14 ఏళ్ల దాకా శిక్ష. ఎడ్లబండ్ల కాలం నాటి ఈ నిబంధనను కొత్త చట్టంలోనూ ఎందుకు ఉంచారో తెలీదు. పట్టపగలు నగల షాపులో దోచుకున్నవాడికి మాత్రం పదేళ్లే!

అసలు చిక్కు 304వ సెక్షన్‌తో వచ్చింది. స్నాచింగ్‌ను దేశమంతటికీ ప్రత్యేక నేరం చేశామని గొప్పగా చెప్పుకున్నారు. కానీ శిక్ష మామూలు దొంగతనానికి ఉన్నంతే, మూడేళ్ల లోపు. హరియాణా, గుజరాత్ అంతకుముందే ఐపీసీకి సొంత సవరణలతో పదేళ్ల దాకా శిక్ష పెట్టుకున్నాయి. అంటే అక్కడ కొత్త చట్టం శిక్షను తగ్గించింది. పైగా ‘బలవంతంగా’ లాక్కోవడాన్ని కూడా స్నాచింగ్ నిర్వచనంలోనే చేర్చారు. బలవంతంగా లాగితే మెడ నొప్పి పుట్టదా? ఒంటికి నొప్పి కలిగించినా చట్టం దృష్టిలో అది గాయమే. ఆ లెక్కన చాలా స్నాచింగ్ కేసులు దోపిడీ కిందికే రావాలి.

ఇది వకీళ్ల వాదనతో పోయే సంగతి కాదు. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో పోలీసులు నోటీసిచ్చి పిలవడమే మామూలు పద్ధతి, అరెస్టుకు కారణాలు రాసి చూపాలి. స్నాచింగ్ ఆ కోవలోకి వస్తుంది, దోపిడీ రాదు. కేసు తేలిగ్గా కనబడాలనుకునే స్టేషన్‌కు 304 దొరికింది. పార్లమెంటు ‘బలవంతంగా’ అన్న మాటను 304 నుంచి తీసేస్తే ఈ గందరగోళం చాలావరకు తీరుతుంది. అప్పటిదాకా భారం ఫిర్యాదు మీదే. గొలుసు ఎన్ని తులాలో, బైక్ ఏ రంగో తప్పకుండా రాయించే మనవాళ్లు, మెడ మీద గీరుకున్న సంగతి, కిందపడి మోచెయ్యి కొట్టుకున్న సంగతి చెప్పరు. అవి కాగితం మీదికి రావాలి, ఆసుపత్రికి వెళ్లి సర్టిఫికెట్టూ తీసుకోవాలి.