బండ్లు ఎత్తేస్తే విశాఖ సింగపూర్ అయిపోతుందా?

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఇదే మెసేజ్, కాలేజీ బ్యాచ్ గ్రూపులో ఇదే, ఆఖరికి మా పెద్దమ్మ కూతురి పెళ్లి ఫొటోల కోసం పెట్టిన గ్రూపులోనూ ఇదే. "విశాఖ ఆర్థిక రాజధాని కావాలంటే ముందు ఫుట్‌పాత్ బండ్లు పోవాలి" అని పైన పెద్ద అక్షరాలు, కింద పాయింట్లు, చివర "నిజమైన వైజాగ్ వాసి అయితే పది మందికి పంపండి" అని సవాలు. పంపినవాళ్లలో సగం మంది సాయంత్రం బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ పొట్లం పట్టుకుని తిరిగేవాళ్లే. సరే, చెత్త పాయింట్లు ముందు తేల్చేద్దాం.

"బండ్లు చూసి కంపెనీలు వెనక్కి పోతున్నాయి." ఏ కంపెనీ పోయింది? టీసీఎస్‌కి రుషికొండలో 21.16 ఎకరాలు 99 పైసలకి ఇస్తామంటే వచ్చింది. గూగుల్ 2025 అక్టోబరులో 15 బిలియన్ డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. ముంబయి, సూరత్, వారణాసితో పాటు విశాఖ ప్రాంతాన్ని నీతి ఆయోగ్ గ్రోత్ హబ్‌గా, అంటే ఆర్థికంగా పెంచాల్సిన ప్రాంతంగా, ఎంచుకుంది. ఇవన్నీ జరుగుతున్నప్పుడు జగదాంబ జంక్షన్‌లో బండ్లు ఉన్నాయి, బీచ్ రోడ్డులో మొక్కజొన్న పొత్తులు కాలుతూనే ఉన్నాయి. డేటా సెంటర్‌కి కావలసింది కరెంటు, నీళ్లు, సముద్రం కింద కేబుల్. పునుగుల బండి చూసి జడుసుకునే సర్వర్ ఇంకా పుట్టలేదు.

"ఒక్కొక్కరూ నెలకి లక్ష మిగుల్చుకుంటున్నారు." అంత లాభమైతే ఈ మెసేజ్ రాసినాయన ఉద్యోగం మానేసి బండి పెట్టుకోవచ్చు. తెల్లారగట్ట లేచి పిండి పట్టించుకోవాలి. డైలీ ఫైనాన్స్ వాడు పది వేలు అని రాయించుకుని ఎనిమిదిన్నర వేలు చేతిలో పెట్టి, రోజుకి వంద చొప్పున వంద రోజులు వసూలు చేసుకుంటాడు. వాన పడితే ఆ రోజు వంద కూడా చేతి నుంచే. విశాఖలో వాన ఎన్నాళ్లు పడుతుందో నేను చెప్పాలా?

"ప్రభుత్వం ఒక్కొక్కరికీ ఫ్రీగా యాభై వేలు ఇస్తోంది." అది అప్పండీ బాబూ. వీధి వ్యాపారులకి అప్పిచ్చే కేంద్ర పథకం పీఎం స్వనిధి 2020 జూన్‌లో మొదలైంది. తొలి విడత పది వేలు, అది సకాలంలో తీరిస్తే ఇరవై వేలు, అదీ తీరిస్తే యాభై వేలు. 2025లో తొలి రెండు విడతల్ని 15 వేలు, 25 వేలు చేశారు. తాకట్టు అక్కర్లేదు, వేళకి కట్టినవాళ్లకి ఏడు శాతం వడ్డీ రాయితీ. యాభై వేల దాకా వచ్చారంటే అంతకుముందు రెండు అప్పులు తీర్చారని అర్థం. మన గ్రూపులో ఇళ్ల లోన్లున్నవాళ్లందరం ఫ్రీగా ఇళ్లు పొందినట్టేనా మరి?

"వాళ్లు పన్ను కట్టరు." ఇది చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతున్నారు కాబట్టి కాస్త ఆగుదాం. ఏడాదికి 40 లక్షల లోపు సరుకు అమ్మే వ్యాపారికి మామూలుగా, సేవలైతే 20 లక్షల లోపు ఉంటే, జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మీ వీధి చివరి కిరాణా కొట్టుకీ, మీ మేడ కింద టైలర్‌కీ అదే లెక్క. వాళ్లమీద ఎవరూ మెసేజ్ రాయలేదు. పైగా బండివాడు కొనే కమర్షియల్ సిలిండర్ మీద 18 శాతం, నూనె మీద 5 శాతం జీఎస్టీ ఉంది. రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద కంపెనీ తను కట్టిన పన్నుని లెక్కలో చూపించి తగ్గించుకోవచ్చు. బండివాడికి ఆ దారి లేదు, కట్టింది కట్టినట్టే. ఇక ఆశీలు, అంటే మార్కెట్లో అమ్ముకున్నందుకు కట్టే రుసుము, సంగతి. మార్కెట్లలో ఆశీలు వేలంపాట పాడుకున్న కాంట్రాక్టరు మనుషులు చీటీ పుస్తకం పట్టుకుని వస్తారు. బుట్టకింత, బండికింత. చీటీ మీద రాసింది ఒకటి, అడిగేది ఇంకొకటి. పన్ను కట్టనివాడి దగ్గరికి ఇంత క్రమం తప్పకుండా ఎవరైనా వస్తారా?

ఇక నాకు అసలు ఒళ్లు మండిన పాయింటు. "సింగపూర్‌లో రోడ్డు మీద ఒక్క బండి కనిపించదు. రాత్రికి రాత్రి తీసిపారేశారు. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) కూడా రేపే జేసీబీలు దింపాలి. ఆ వ్యాపారమంతా షాపులకీ మాల్స్‌కీ మళ్లి నగరం పెరుగుతుంది."

సింగపూర్‌లో ఏం జరిగిందో తెలుసా? ముందు లెక్క రాశారు. 1968-69లో వీధి వ్యాపారులు సుమారు 18 వేల మందిని నమోదు చేసి లైసెన్సులిచ్చారు. 1971 నుంచి 1986 దాకా నీళ్లు, మురుగు కాలువలు, కరెంటు ఉన్న హాకర్ సెంటర్లని ప్రభుత్వమే తన ఖర్చుతో కట్టించి, వాళ్లని అందులోకి మార్చింది. పదిహేనేళ్లు! మొదట్లో చాలామందికి అద్దెలోనూ రాయితీ ఇచ్చారు. 2016లో సింగపూర్ హాకర్ స్టాళ్లు రెండింటికి, పెద్ద పెద్ద రెస్టారెంట్లు కలలుగనే మిషెలిన్ స్టార్ వచ్చింది. 2020లో ఆ హాకర్ సంస్కృతి యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కింది. రాత్రికి రాత్రి తీసిపారేసిన సింగపూర్ ఏదో మరి, మ్యాప్‌లో నాకు దొరకలేదు.

అంత దూరం ఎందుకు? 1999లో రైతుబజార్లు పెట్టినప్పుడు మన దగ్గర చేసిందీ కొంత అలాంటిదే కదా. చోటు చూపించారు, కాటాలు ఇచ్చారు, ధరల బోర్డు పెట్టారు. ఎంవీపీ కాలనీ రైతుబజారుకి ఆదివారం వెళ్లి, దానివల్ల నగరం వెనకబడిందో ముందుకెళ్లిందో అక్కడ స్కూటర్ పెట్టడానికి చోటు వెతుక్కుంటూ ఆలోచించండి.

"రేపే జేసీబీలు" అన్నవాళ్లకి ఇంకో సంగతి. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. సర్వే పూర్తి చేసి, అర్హులకి అమ్ముకునే సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఉన్నవాళ్లని కదపకూడదని మూడో సెక్షన్ చెబుతోంది. ఆ తర్వాత ఖాళీ చేయించాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు స్వాధీనం చేసుకుంటే జాబితా రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. వ్యాపారి వచ్చి అడిగితే పాడైపోయే సరుకు అదే రోజు, మిగతాది రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. వీధి వ్యాపారం సంగతులు చూసే వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. జనాభాలో రెండున్నర శాతం దాకా వ్యాపారులకి చోటిచ్చేలా ప్లాన్ వేయాలి. 2011 లెక్కల్లో విశాఖ జనాభా 17 లక్షల పైచిలుకు అనుకున్నా, అది 43 వేల మంది. అంత ఉపాధి ఒక్క సంతకంతో ఇచ్చే ఐటీ పార్కు ఏదైనా ఉంటే చెప్పండి, నేనే వెళ్లి కొబ్బరికాయ కొడతాను.

ఒక ఊళ్లో, పేరు వద్దులెండి, ఇలాంటి తొలగింపు దగ్గరగా చూశాను. బండిని ఎత్తి లారీలో పడేస్తుంటే ఇరుసు విరిగింది. అరటిపళ్లావిడ ఏడవలేదు, అరవలేదు. "కాటా ఒక్కటీ ఇచ్చెయ్ బాబూ, కొత్తది" అని లారీ పక్కనే నడుస్తూ అడుగుతూనే ఉంది. కాటా ఇవ్వలేదు, జాబితా కాగితమూ ఇవ్వలేదు. రెండ్రోజులకి అదే చోట గోనెపట్టా పరుచుకుని, పక్కావిడ దగ్గర అరువు తెచ్చిన కాటాతో కూర్చుంది. ఆవిడ వ్యాపారం ఏ మాల్‌కీ మళ్లలేదు. అప్పు మాత్రం పెరిగింది.

మళ్లదు కూడా. హార్బర్‌లో మూటలు మోసేవాళ్లు, షిప్‌యార్డ్ కాంట్రాక్టు కార్మికులు, రుషికొండలో కొత్తగా చేరిన ఐటీ కుర్రాళ్లు నలభై రూపాయల టిఫిన్ దొరక్కపోతే నూటయాభైది తినరు. మానేస్తారు, లేదా జీతం పెంచమంటారు. బండ్లు కొనకపోతే పూర్ణా మార్కెట్ హోల్‌సేల్ వ్యాపారి సరుకు ఎవరికి అమ్ముతాడు?

అయితే మెసేజ్‌లో రెండు మాటలు నిజం. ఫుట్‌పాత్ మీద నడవలేకపోతున్నాం. ముసలివాళ్లు, వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లు బస్సుల మధ్యలోంచి వెళ్లాల్సి వస్తోంది. దీన్ని తేలిగ్గా తీసుకునే హక్కు నాకు లేదు. షోరూముల ర్యాంపులూ, జనరేటర్లూ, పార్క్ చేసిన బైకులూ కూడా చోటు తింటున్నాయన్నది నిజమే గానీ, అది దీనికి జవాబు కాదు.

రెండోది: "నాలుగైదు బండ్లు పెట్టి అద్దెకిచ్చుకునే పెద్దమనుషులున్నారు." ఉన్నారు. ఈ విషయంలో మెసేజ్ రాసినాయన కంటే నేనే రెండాకులు ఎక్కువ చదువుతాను: వాళ్లని ఒక్క రోజు కూడా ఉంచకూడదు. చట్టం ప్రకారం సర్టిఫికెట్ తీసుకునేవాడు తనో తన ఇంట్లోవాళ్లో మాత్రమే అమ్ముతామనీ, వేరే జీవనాధారం లేదనీ, చోటు అద్దెకివ్వననీ రాసివ్వాలి. జేసీబీ వస్తే పోయేది అద్దె కట్టేవాడి బండి, అద్దె తినేవాడు వారం తిరక్కుండా ఇంకొకణ్ని తెచ్చి పెడతాడు. వాడి పేరు బయటపడాలంటే ఏ బండి ఎవరిదో వార్డు వార్డునా సర్వే చేసి జాబితా గోడకి అంటించాలి. మన కార్పొరేటర్ని అడగాల్సింది ఆ జాబితా. అడిగి చూడండి, బండ్లు ఎత్తేయమంటే కనిపించే హుషారు అప్పుడు కనిపిస్తుందేమో.