మోకాలి లోతే!

"మోకాలి లోతే" అన్నారు మా పెద్దన్నగారు, నీళ్ళ వైపు చూసి.

ఎవరి మోకాలో చెప్పలేదు. ఆయన ఆరడుగుల పైచిలుకు మనిషి. ఆయన పక్కన నేను నిలబడితే ఫొటో తీసేవాడు నా తలను చట్రంలోకి తేవడానికి రెండడుగులు వెనక్కి నడవాలి. ఆయన మోకాలికీ నా మోకాలికీ మధ్యనున్న జానెడు తేడాలో ఒక మోటారు సైకిలు మునిగిపోగలదని ఆ క్షణంలో నాకు తట్టలేదు.

రోడ్డు వదిలి డొంకదారుల బురదలో మోటారు సైకిళ్ళు నడపడానికి బయల్దేరాం, మొత్తం ఆరుగురం. ముందు పెద్దన్నగారు. ఆయన వెనుక మా బావమరిది. నన్ను ఈ బృందంలో చేర్చిన పాపం అతడిదే. ఆ తర్వాత ఒక ఇంజనీరుగారు. ఏది అడిగినా దాని వెనుకున్న సూత్రం చెబుతారు, చెయ్యి మాత్రం వెయ్యరు. ఆయన వెనుక, హెల్మెట్ మీద కెమెరా బిగించుకున్న కుర్రవాడు. అయిదో స్థానం నాది. అందరికంటే చివర వెనుకకాపు. పడిపోయినవాళ్ళను లేపడం అతని బాధ్యత. నేను అతని ముందే ఉండటం వల్ల ఆ రోజు అతనికి ఊపిరి సలపలేదు. నేను పడతాను, అతను ఆగుతాడు. నేను హ్యాండిల్ పట్టుకుంటాను, అతను వెనుక సీటు కింద చెయ్యి వేస్తాడు. మధ్యాహ్నానికల్లా మా మధ్య మాటలతో పని లేకుండా పోయింది. పెళ్ళయిన ఇరవై ఏళ్ళకు గాని దంపతులకు కుదరని పొందిక అది.

రాత్రంతా వాన కురిసింది. ఇలాంటప్పుడు బుద్ధిమంతులు ప్రయాణం వాయిదా వేస్తారు. మావాళ్ళు మాత్రం "నేల మెత్తగా ఉంటుంది, పడినా నొప్పి తెలియదు" అన్నారు. పడటం ఖాయమని అంత ముందుగా, అంత ఉత్సాహంగా చెప్పే వినోదం ఇంకొకటి ఉంటుందనుకోను.

వాళ్ళవన్నీ నూటపది, నూటఇరవై కిలోల తేలికపాటి బండ్లు. నాది 200 కిలోలు దాటిన దూరప్రయాణాల బండి. ప్రకటనలో అది ఎడారిలో ఇసుక ఎగజిమ్ముతూ దూసుకుపోతుంది. కింద పడ్డాక దాన్ని ఎవరు లేపారన్నది ఆ ప్రకటనలో చూపించలేదు. బయల్దేరే ముందు అందరూ టైర్లలో గాలి తీశారు. రోడ్డు మీద 30 పీఎస్‌ఐ ఉండే గాలి ఒత్తిడిని 15కి దించితే టైరు కాస్త పరుచుకుని మట్టిని పట్టుకుంటుందట. నాకు మనసొప్పలేదు. టైరన్నాక గాలి నిండుగా ఉండాలని చిన్నప్పటి నుంచి నమ్మినవాణ్ణి. నలుగురు చెప్పారని చేజేతులా వదిలేస్తానా? వదల్లేదు. దాంతో నా టైర్లు బురద మీద రోకలిబండల్లా జారాయి.

ఇక మడ్‌గార్డు సంగతి. వాళ్ళ బండ్లకు ముందు మడ్‌గార్డు చక్రానికి జానెడు ఎత్తున, గొడుగు పట్టినట్టు ఉంటుంది. అది అందం కోసమేమో అనుకునేవాణ్ణి. నా బండికి అది టైరును అంటుకున్నట్టే ఉంటుంది. డొంకదారిలో అర కిలోమీటరు వెళ్ళేసరికి ఆ సందులో జిగటమట్టి కూరుకుపోయి ముందు చక్రం తిరగడం మానేసింది. ఇంజను తిరుగుతోంది, వెనుక చక్రం తిరుగుతోంది, ముందు చక్రం మాత్రం సత్యాగ్రహానికి కూర్చుంది. దిగి పుల్లతో మట్టి గీకాను. నూరు గజాలు వెళ్ళి మళ్ళీ గీకాను. మూడోసారి పుల్ల విరిగింది. వెనుకకాపు ఏమీ అనకుండా జేబులోంచి ఇంకో పుల్ల తీసి ఇచ్చాడు. నా వాలకం చూసి ముందే నాలుగు ఏరి పెట్టుకున్నాడు.

బురదలో బండి నడపడానికి ఒక పద్ధతి ఉంది. సీటు మీద కూర్చోకూడదు. ఫుట్‌రెస్టుల మీద నిలబడి, మోకాళ్ళు కొంచెం వంచి, హ్యాండిల్‌ను పిచ్చుకపిల్లను పట్టుకున్నంత మెత్తగా పట్టుకోవాలి. ముఖ్యంగా చూపు దూరంగా ఉండాలి. "చూపు ఎటు పోతే బండి అటు పోతుంది బావా, గుంటను చూడకు, గుంట పక్కనున్న దారిని చూడు" అని మా బావమరిది నూరుసార్లు చెప్పాడు. మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోవద్దని చెప్పిన వైద్యుడి సామెత ఇలాంటి బావమరిది ఉన్నవాడి ఇంట్లోనే పుట్టి ఉంటుంది. ఆ తర్వాత నాకు దారి పొడుగునా గుంటలు తప్ప వేరే దృశ్యం కనబడలేదు. ఒక్కో గుంటనూ చూశాను, ఒక్కో గుంటలోనూ పడ్డాను. లెక్క తప్పలేదు.

మధ్యలో ట్రాక్టరు చక్రాల గాడి ఒకటి వచ్చింది. దాని గురించి ఎక్కువ చెప్పను. అందులోకి మనం దిగడమే మన ఇష్టం, బయటికి రావడం దాని ఇష్టం.

అలా వచ్చి వచ్చి ఆ నీళ్ళ ముందు ఆగాం. రెండు వైపులా ముళ్ళకంచె, మధ్యలో దారి ఉండాల్సిన చోట నిండుగా ఎర్రటి నీళ్ళు. పారే నీరు కాదు. పారే నీటిలోకి దిగకూడదన్న ఇంగితం మాకూ ఉంది. అడుగు లోతున్న ప్రవాహం చిన్న కారునే కదిలించేస్తుంది, రెండు చక్రాలవాడిని లెక్కచేస్తుందా? ఇది నిలవ నీరు. అయినా అడుగు కనిపించని నీటిని ముందు కర్రతో పొడుస్తూ నడిచి చూసుకోవాలన్నది నియమం. పెద్దన్నగారు కర్ర బదులు అనుభవంతో పొడిచి చూశారు. "మోకాలి లోతే" అన్నారు.

ఆయన దిగారు, రెండో గేరులో, ఒకే వేగంతో, ముందు చిన్న అలను నెట్టుకుంటూ వెళ్ళి అవతల తేలారు. బావమరిది వెళ్ళాడు. ఇంజనీరుగారు వెళ్ళారు. కెమెరా కుర్రవాడు వెళ్ళి, నన్ను చిత్రీకరించడానికి అనువైన చోటు చూసుకుని నిలబడ్డాడు. ఆ శ్రద్ధ చూసైనా నేను అనుమానించి ఉండాల్సింది.

"నడుమ యాక్సిలరేటర్ వదలకు!" అని అరిచాడు బావమరిది. వదల్లేదు. సగం దూరం ఎంతో గౌరవంగా వెళ్ళాను. కుడివైపు నీటి మీద ఒకచోట చిన్న సుడిలా, రంగు కొంచెం ముదురుగా కనిపించింది. గుంటేమో అనుకున్నాను. అనుకుని, చూశాను.

ముందు చక్రం మాయమైంది. ఆ తర్వాత హ్యాండిల్, ఆ తర్వాత నేను. ఇంజను ఒకసారి గుటక వేసి ఆగిపోయింది. లేచి నిలబడ్డాను. బూట్లలో చెరువు, హెల్మెట్‌లో చెరువు, రెండు చెవుల్లో రెండు బావులు. అవతలి ఒడ్డున నలుగురూ చేతులు ఊపుతూ ఒకే గొంతుతో ఏదో అరుస్తున్నారు. నాకు స్పష్టంగా వినిపించింది: "సెల్ఫ్ నొక్కు! సెల్ఫ్ నొక్కు!"

నొక్కాను.

వాళ్ళు అరిచింది "నొక్కకు" అని. మన భాషలో ప్రాణానికీ ప్రమాదానికీ మధ్య ఒక్క 'క' మాత్రమే అడ్డం ఉందని, ఆ ఒక్కటీ చెవిలో నీళ్ళుంటే జారిపోతుందని భాషావేత్తలెవరైనా గమనించారో లేదో. ఇంజనీరుగారు ఒడ్డు దిగకుండానే సూత్రం చెప్పారు. గాలిని నొక్కితే కుదించుకుంటుంది, నీటిని నొక్కితే కుదించుకోదు. సిలిండరులోకి నీరు చేరాక సెల్ఫ్ నొక్కితే పిస్టను పైకి రాలేదు, వెనక్కి పోలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగి ఊరుకుంటుంది. ఆ తర్వాత ఇంజను విప్పడమే.

అయితే ఏమీ కాలేదు. బండి పక్కకు ఒరిగి పడితే ఇంజనును ఆపేసే సెన్సారు ఒకటి అందులో ఉంది. తాళం ఒకసారి తిప్పి ఆపి మళ్ళీ వేస్తే గాని అది సెల్ఫ్‌ను పని చేయనివ్వదు. తన మీద కూర్చున్నవాడి తెలివి మీద బండి చేసినవాళ్ళకు ముందే ఒక అంచనా ఉందన్నమాట.

అయిదుగురు లాగితే బండి ఒడ్డుకొచ్చింది. ఇంజనీరుగారు లెక్క పెట్టారు, "ఒకటి, రెండు, మూడు" అని. ఇదే వాళ్ళ బండ్లకు జరిగితే, ఇద్దరు పట్టుకుని వెనుక చక్రం మీద నిలబెట్టి సైలెన్సర్‌లోంచి నీళ్ళు వంచేసి, స్పార్క్ ప్లగ్ విప్పి, పది నిమిషాల్లో మళ్ళీ బయల్దేరతారు. నా బండిని అలా నిలబెట్టాలంటే క్రేను కావాలి. ప్లగ్గులు చూడాలంటే ముందు ట్యాంకు ఊడదీయాలి. ట్యాంకు ఊడదీయాలంటే పక్క తొడుగులు, వాటికంటే ముందు సీటు. ఒక్కో బోల్టు విప్పడం, అది చేతిలోంచి జారడం, ఆరుగురం వంగి బురదలో వెతకడం. అటుగా ఎవరైనా వచ్చి ఉంటే నాట్లు వేస్తున్నామనుకునేవారు.

ఆ సమయంలోనే పెద్దన్నగారు మమ్మల్ని ఉత్సాహపరచడానికి చరిత్ర మొదలుపెట్టారు. 1913లో ఇంగ్లండులోని కార్లైల్‌లో మొదటిసారి అంతర్జాతీయ ఆరు రోజుల మోటారు సైకిలు పోటీ పెట్టారట. గతుకుల దారుల్లో ఆరు రోజులు. పేరు కాస్త మారినా ఆ పోటీ ఇప్పటికీ జరుగుతోందట. బండి పాడైతే నడిపేవాడే తన చేతులతో బాగుచేసుకోవాలట. "ఆరు రోజులు! ఆలోచించు!" అన్నారు. ఆలోచించాను. మేము బయల్దేరి రెండున్నర గంటలైంది, నాలుగు కిలోమీటర్లు వచ్చాం.

ప్లగ్గులు ఊడాయి. ఎయిర్ ఫిల్టర్‌ను ఉతికిన చొక్కాలా పిండాను. ఇప్పుడు, ప్లగ్గులు లేనప్పుడు, సెల్ఫ్ నొక్కవచ్చట. లోపలి నీరు ప్లగ్గు రంధ్రంలోంచి బయటికి వస్తుందట. రెండుసార్లు అడిగి, చెవిలో నీళ్ళు విదిలించుకుని, నొక్కాను. సన్నటి ఫౌంటెన్ ఎగిసింది. దాన్ని దగ్గరగా తీద్దామని వంగిన కుర్రవాడి కెమెరాలో ఆ రోజు దృశ్యాలు అక్కడితో ముగిశాయి. నాకు జరిగిన ఒకే ఒక్క మేలు అది. ఇంజను ఆయిలు పాలలా తెల్లబడితే అందులో నీళ్ళు కలిసినట్టే. గాజుబిళ్ళలోంచి చూస్తే తెల్లబడలేదు. పెద్దన్నగారు కొంచెం నిరాశపడినట్టు కనిపించారు. ఇంజను విప్పడం గురించి కూడా ఆయన దగ్గర కథలున్నాయి.

మేము బోల్టులు బిగిస్తుండగా పదేళ్ళ పాప ఒకతి చెప్పులు చేతపట్టుకుని ఆ నీళ్ళలోంచి నడిచి వచ్చింది. మధ్యలో కూడా నీళ్ళు ఆమె మోకాలు దాటలేదు. ఆ పొడుగు దారిలో ఉన్నది ఒకే ఒక్క గుంట. దాన్ని వెతికి పట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. పెద్దన్నగారు పాప మోకాలి వైపు, ఆ తర్వాత నా వైపు చూశారు. ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

కొంచెం ముందుకు వెళితే దారికి అడ్డంగా మళ్ళీ నీళ్ళు. ఈసారి చప్పుడు చేస్తూ పారుతున్నాయి. "నడుము లోతు" అన్నారు పెద్దన్నగారు. ఎవరి నడుమని ఎవరూ అడగలేదు. మాట్లాడకుండా బండ్లు వెనక్కి తిప్పాం.

అంటే మళ్ళీ ఆ గుంట దాటాలి. ఈసారి బాధ్యత నేనే తీసుకున్నాను. ఒక పొడుగాటి కొమ్మ విరిచి, పొడుచుకుంటూ నడిచి, గుంట దొరికాక సరిగ్గా దాని నడుమ కొమ్మను పాతి, చివర నా ఎర్ర చేతిగుడ్డ కట్టాను. అందరికీ స్పష్టంగా కనిపించాలని. "ఆ కొమ్మ వైపు మాత్రం వెళ్ళకండి" అని మరీ మరీ చెప్పి, నా బండిని ఇంజను ఆపి, వెనుకకాపు సాయంతో అంచు వెంబడి నడిపించి దాటించాను.

పెద్దన్నగారు బయల్దేరారు. రెండో గేరు, ఒకే వేగం, ముందు చిన్న అల. నిటారుగా నిలబడి, ఎర్రగుడ్డ వైపు జాగ్రత్తగా చూస్తూ వస్తున్నారు. చూస్తూనే ఉన్నారు. బండి కూడా అటే వస్తోంది.

కొమ్మ విరిగిన చప్పుడు వినిపించింది. ఆరడుగుల మనిషి నీళ్ళలోంచి మెల్లగా లేచారు, హెల్మెట్ అద్దంలోంచి ధారలు కారుతుండగా. ఎర్రగుడ్డ ఆయన భుజం మీద ఉంది. బొటనవేలు సెల్ఫ్ వైపు జరుగుతోంది.

"అన్నగారూ, నొక్కకండి!" అని ప్రాణం పెట్టి అరిచాను.

ఆయన చెవి దగ్గర చెయ్యి ఆనించి, "నొక్కమంటావా?" అన్నారు.